ముందు రెండు వారాలు... తర్వాత పాతికేళ్లు

ల్యాపరోస్కోపీ కెమెరా కడుపులోకి దిగగానే సర్జన్‌కు ముందుగా అడ్డొచ్చేది కాలేయం. దాని ఎడమ భాగం జీర్ణాశయం పైకొసను కప్పుకుని ఉంటుంది. బరువు తగ్గించే ఆపరేషన్ జరగాల్సింది సరిగ్గా దాని వెనకాలే. ఏళ్ల తరబడి అధిక బరువు మోసినవాళ్లకు కాలేయం కొవ్వు పట్టి, ఉబ్బి, పసుపు తిరిగి, అంచులు మొద్దుబారి ఉంటుంది. దాన్ని ఒక లోహపు పరికరంతో పైకెత్తి, ఆపరేషన్ అయ్యేదాకా అలాగే నిలిపి ఉంచాలి. కొవ్వు నిండిన కాలేయం అంత తేలిగ్గా లేవదు. బలవంతాన లేపితే చిట్లి రక్తం కారుతుంది. ఒక్కోసారి ఆపరేషన్ మధ్యలో ఆపేసి బయటికి రావాల్సి వస్తుంది. అందుకే చాలా ఆస్పత్రులు రోగిని ముందు 2 వారాలపాటు రోజుకు 800 నుంచి 1,000 కేలరీల ఆహారం మీద ఉంచుతాయి. ఆ కొద్దిరోజుల్లోనే కాలేయంలో దాచిపెట్టిన గ్లైకోజెన్, దాన్ని పట్టుకుని ఉండే నీరు, కొంత కొవ్వు కరిగిపోతాయి. కాలేయం చిన్నదై మెత్తబడుతుంది. ఇలాంటి ఆహారాన్ని 12 వారాలు ఇచ్చి, మధ్యమధ్య కాలేయం పరిమాణాన్ని కొలిచిన అధ్యయనంలో తగ్గుదల అధికభాగం మొదటి 2 వారాల్లోనే కనిపించింది. ఇంట్లో మంచం మీద కూర్చుని ఆకలికి ఓర్చుకున్న ఆ 14 రోజులు ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్ చేతికి చోటు చూపిస్తాయన్నమాట.

ఈ ఆపరేషన్ గురించి మన దగ్గర నడిచే మాటల్లో ఆ 14 రోజుల ఊసు పెద్దగా ఉండదు. ఎన్ని కిలోలు తగ్గుతాం, ఎంత ఖర్చవుతుంది, ఏ డాక్టరు మంచివాడు అన్న దగ్గరే ఆగిపోతాం. హోర్డింగుల మీద కనిపించేదీ కిలోల లెక్కే. కత్తి పని గంట, గంటన్నరలో అయిపోతుంది. అది ఫలించిందా లేదా అన్నది మాత్రం దానికి ముందరి కొన్ని వారాల్లోనూ, తర్వాతి ఏళ్లలోనూ, ఎక్కువగా వంటింట్లోనూ తేలుతుంది. ఆ ముందూ వెనకలను పట్టించుకోని ఆస్పత్రి సగం వైద్యం చేసి పంపిస్తోందని అనడానికి నేను వెనకాడను. ఇంటికి తీసుకెళ్లిన కుటుంబానికి కూడా ఆ మిగతా సగం గురించి ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి.

అసలు ఆపరేషన్ దాకా ఎందుకు, నోరు కట్టేసుకుంటే తగ్గదా అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ మాట వినీ వినీ లోపల కుంగిపోయినవాళ్లే చివరికి ఆపరేషన్ దాకా వస్తారు కాబట్టి దానికి జవాబు ముందే చెప్పుకోవాలి. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక పని చేశారు. అధిక బరువున్న 50 మందికి 10 వారాలు అతితక్కువ కేలరీల ఆహారమిచ్చారు. సగటున 13 కిలోలకు పైగా తగ్గారు. ఏడాది గడిచాక మళ్లీ రక్తపరీక్షలు చేస్తే, ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఇంకా ఎక్కువగానే ఉంది. కడుపు నిండిందని మెదడుకు చెప్పే హార్మోన్లు ఇంకా తగ్గే ఉన్నాయి. ఏడాదైనా ఆ శరీరం పోయిన బరువును వెనక్కి తెచ్చుకోవడానికే కాచుకుని ఉంది. నోరు కట్టేసుకున్నవాళ్లు రోజంతా ఆ హార్మోన్లతో పోరాడుతున్నారు. కొద్దిపాటి అధిక బరువుకు ఆహారం, నడక చాలు. వాటిని మించిన వైద్యం ఈ వ్యాసంలోనూ లేదు. కానీ 40, 50 కిలోలు అదనంగా మోస్తూ, షుగరు, గురక జబ్బు, కీళ్ల అరుగుదలతో అల్లాడుతున్న మనిషికి పట్టుదల లేదని చెప్పడం వైద్యపరంగా తప్పు, మనిషిగా అన్యాయం. ఇది కొద్దిమంది బాధ అనుకోవడానికీ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మహిళలు, 31.1 శాతం పురుషులు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నట్టు తేలింది. తెలంగాణలో ఆ అంకెలు 30.1, 32.3. వీళ్లందరికీ ఆపరేషన్ అవసరం లేదు, చాలా కొద్దిమందికే అవసరం. ఆ కొద్దిమంది గురించే ఈ మాటలన్నీ.

ఎక్కువగా జరిగే ఆపరేషన్లు రెండు రకాలు. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువునా కత్తిరించి, మూడు వంతులకు పైగా తీసేసి, అరటికాయంత సన్నటి గొట్టాన్ని మిగులుస్తారు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, దాన్ని చిన్నపేగులో కొంత కిందికి కలుపుతారు. తిన్నది మిగతా జీర్ణాశయాన్నీ, పేగు మొదటి భాగాన్నీ దాటేసి వెళ్తుంది. మన దేశంలో మినీ గ్యాస్ట్రిక్ బైపాస్ అనే రూపం కూడా బాగా జరుగుతోంది. లైపోసక్షన్ వీటిలోది కాదు. అది చర్మం కింది కొవ్వును లాగేసే సౌందర్య చికిత్స, దానితో షుగరు తగ్గదు. సంచి చిన్నదైతే తిండి తగ్గుతుందన్నది అందరికీ అర్థమయ్యేదే. అంతకన్నా ముఖ్యమైంది హార్మోన్లలో వచ్చే మార్పు. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైగుండ్రంలో. స్లీవ్‌లో ఆ భాగమే పోతుంది. తిన్నది పేగు చివరికి త్వరగా చేరడంతో జీఎల్‌పీ–1 వంటి తృప్తి హార్మోన్లు పెరుగుతాయి. డైటింగ్ చేసినవాడి శరీరం ఎదురు తిరుగుతుంది, ఆపరేషన్ అయినవాడి శరీరం కొంతకాలం తోడొస్తుంది. ఆ కొంతకాలం అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి, వాదనంతా దానిమీదే నిలబడి ఉంది.

స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం ఆపరేషన్ చేయించుకున్న సుమారు 2,000 మందిని, అంతే బరువుండి చేయించుకోని మరో 2,000 మందిని దశాబ్దాలపాటు గమనిస్తూ వచ్చింది. 2020లో వెలువడిన లెక్క ప్రకారం ఆపరేషన్ అయినవాళ్లు మిగతావాళ్లకన్నా 3 ఏళ్లు ఎక్కువ బతుకుతున్నారు. అయినా సాధారణ జనం ఆయుర్దాయంతో పోలిస్తే వాళ్లకింకా 5.5 ఏళ్లు తక్కువే. అదే అధ్యయనంలో బైపాస్ అయినవాళ్లు తొలి రెండేళ్లలో తమ బరువులో 32 శాతం దాకా తగ్గి, 10 ఏళ్లకు 25 శాతం తగ్గుదల దగ్గర నిలిచారు. అమెరికాలో 150 మంది షుగరు రోగులపై జరిగిన స్టాంపీడ్ అధ్యయనంలో 5 ఏళ్ల తర్వాత మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లు మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం. స్లీవ్ చేయించుకున్నవారిలో 23 శాతం, బైపాస్ వారిలో 29 శాతం. ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. మందులకన్నా ఎన్నో రెట్లు మేలు అన్నది ఎంత నిజమో, నూటికి డెబ్బై మందికి అయిదేళ్ల తర్వాత కూడా షుగరు ఆ గీతకు పైనే ఉందన్నదీ అంతే నిజం. ఫిన్లాండ్‌లో 10 ఏళ్లు గమనిస్తే స్లీవ్ అయినవారిలో 31 శాతానికి అన్నవాహిక ఒరిసిపోయి కనిపించింది, బైపాస్‌లో అది 7 శాతమే. ఛాతీలో మంట ఇప్పటికే ఉన్నవాళ్లకు స్లీవ్ తగినదా అని ఎండోస్కోపీ చూసి మరీ ఆలోచించాల్సింది అందుకే. ఏ ఆపరేషన్ అన్నది ప్యాకేజీ ధరను బట్టి తేల్చే విషయం కాదు.

ఇక తయారీ దగ్గరికొద్దాం. మనవాళ్లు దీన్ని పరీక్షల జాబితాగా చూస్తారు. ఏదో అన్నీ చేయించేశారు అంటారు. ప్రతి పరీక్ష వెనకా ఒక ప్రమాదం కథ ఉంటుంది. గట్టిగా గురకపెట్టి, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడే మనిషికి మత్తు ఇచ్చి లేపడం మామూలు మాట కాదు. నిద్ర పరీక్ష చేసి, అవసరమైతే కొన్ని వారాలు సీపాప్ యంత్రం పెట్టుకుని పడుకోవడం అలవాటు చేస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. సిగరెట్, చుట్ట తాగేవాళ్లు ఆరు వారాల ముందే మానేయాలి. లేకపోతే కుట్లు మానవు, బైపాస్‌లో అతుకు దగ్గర పుండ్లు పడతాయి. గ్లిఫ్లోజిన్ జాతి షుగరు మాత్రలు, అంటే డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి, ఇప్పుడు చవకై ఇంటింటా కనిపిస్తున్నాయి. పస్తుతో, ద్రవాహారంతో వాటిని కొనసాగిస్తే రక్తంలో చక్కెర మామూలుగా ఉంటూనే కీటోన్లు పెరిగి ప్రాణం మీదికొస్తుంది. కనీసం 3 రోజుల ముందే డాక్టరుతో చెప్పి ఆపాలి. అన్నింటికన్నా మన రాష్ట్రాల్లో ఎక్కువ పట్టించుకోవాల్సింది రక్తహీనతను. ముందు చెప్పుకున్న జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 15–49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నారు. లావుగా ఉన్న మనిషికి రక్తం తక్కువేమిటని ఆశ్చర్యపోతాం. అన్నం ఎక్కువై ఇనుము తక్కువైన ఒళ్లు మనది. ఇనుము బాగా ఒంటపట్టేది చిన్నపేగు మొదటి భాగంలో, బైపాస్‌లో అన్నం ఆ దారిన పోదు. ముందే ఖాళీగా ఉన్న కుండకు అడుగున చిల్లు పెట్టినట్టవుతుంది. ఇనుము, బీ12, డీ విటమిన్ లోటును ఆపరేషన్‌కు ముందే పూడ్చడానికి నెల, రెండు నెలలు పడితే పట్టనివ్వాలి.

ఇదంతా రోగిని విసిగించడం కాదా, అవసరమున్నవాళ్లను గుమ్మం దగ్గరే నిలబెట్టడం కాదా అని ఎవరైనా అడిగితే, అందులో న్యాయముంది. అమెరికాలో కొన్ని బీమా సంస్థలు 3 నుంచి 6 నెలలు డైటింగ్ చేసి చూపిస్తేనే ఆపరేషన్‌కు డబ్బిస్తామని షరతు పెట్టాయి. అక్కడుండే మన తెలుగువాళ్లకూ ఇది తెలిసిన తిప్పలే. ఆ షరతువల్ల మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదని అక్కడి బేరియాట్రిక్, అంటే బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే, సర్జన్ల సంఘమే ప్రకటించింది. తయారీ వేరు, అర్హత పరీక్ష వేరు. కాలేయం తగ్గించడం, రక్తం పెంచడం, గురక జబ్బు చూడటం ప్రాణానికి రక్ష. పది కిలోలు తగ్గి రా అప్పుడు చూద్దాం అనడం శిక్ష. మన దగ్గర ఇంకో రకం అడ్డుంది. ఆసియావాసుల్లో తక్కువ బరువుకే షుగరు, గుండెజబ్బు వస్తాయి కాబట్టి వాళ్లకు బీఎంఐ 27.5 నుంచే ఆపరేషన్‌ను అందుబాటులో ఉంచాలని అంతర్జాతీయ సంఘాలు 2022లో చెప్పాయి. మన బీమా నియంత్రణ సంస్థ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక షరతు మాత్రం బీఎంఐ 40, లేదా తీవ్రమైన జబ్బులుంటే 35. అవి 1991లో అమెరికాలో గీసిన గీతలు. బీఎంఐ 33తో, ఎంతకూ లొంగని షుగరుతో ఉన్న మనిషికి డాక్టరు ఔనంటాడు, పాలసీ కాదంటుంది. ఆ షరతును తిరగరాయాల్సిన సమయం వచ్చింది.

ఆపరేషన్ అయిన రోజు సాయంత్రమే లేపి నడిపిస్తారు. నొప్పిగా ఉంటే రేపు నడుద్దాం అనే జాలి ఇక్కడ పనికిరాదు. ఈ ఆపరేషన్ల తర్వాత ప్రాణాలు తీసేవాటిలో ముందుండేది కాళ్లలో గడ్డకట్టి ఊపిరితిత్తులకు ఎగబాకే రక్తం. నడక, రక్తం పలచబరిచే సూదులు దానికి విరుగుడు. మరునాడు మంచం పక్కన ఒక చిన్న కప్పు కనిపిస్తుంది. దగ్గుమందు సీసా మూతలాంటిది, 30 మిల్లీలీటర్లు. అందులో నీళ్లు పోసి పావుగంటకో కప్పు చొప్పున గుక్కగుక్కగా తాగమంటారు. గ్లాసెత్తి గటగటా తాగే అలవాటున్న మనిషికి ఆ కప్పే కొత్త కడుపు కొలత చూపిస్తుంది. రోజు మొత్తంలో లీటరున్నర లోపలికి వెళ్లాలంటే మెలకువగా ఉన్నంతసేపూ అదే పని. ఇంటికొచ్చాక కుట్లు ఊడి లీకయ్యే ప్రమాదం నూటికి ఒకరికో, అంతకన్నా తక్కువమందికో ఉంటుంది. దాని గుర్తులు ఇంట్లోవాళ్లకు నోటికి వచ్చి ఉండాలి. గుండె నిమిషానికి 120 సార్లు దాటి కొట్టుకోవడం, జ్వరం, ఎడమ భుజంలోకి లాగే నొప్పి, ఎందుకో తెలియని ఆందోళన. వీటిలో ఏది కనిపించినా గ్యాస్ మాత్ర వేసి చూద్దాం అనకుండా ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే వెళ్లాలి.

తేటనీళ్లు, కొబ్బరినీళ్లు, వడగట్టిన మజ్జిగ, పెసరకట్టుతో మొదలై, రెండు వారాల తర్వాత మెత్తగా రుబ్బినవి, నెల దాటాక మెత్తటి ముద్దలు, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి. ఈ మెట్లు ప్రతి ఆస్పత్రి రాసిస్తుంది. రాసివ్వనిది మన భోజనం వరస గురించి. మనం అన్నం ముందు పెట్టుకుని పప్పు, కూర, పచ్చడి, చారు, చివర్న పెరుగు కలుపుకుంటాం. ప్రతి వాయికీ అన్నమే ఆధారం. అంత చిన్న కడుపులో ఆ వరస సాగితే పప్పన్నం దగ్గరే చోటు అయిపోతుంది. వండిన అన్నం 100 గ్రాములు తింటే వచ్చే ప్రొటీన్ సుమారు రెండున్నర గ్రాములు. రోజుకు కావాల్సింది 60 గ్రాములకు పైమాటే. పెరుగుతో సరిపెట్టాలన్నా దాదాపు 2 కిలోలు తినాలి. అందుకని విస్తరి తిరగేయాలి. గుడ్డో చేప ముక్కో, పనీరో, గట్టి పప్పో, గట్టి పెరుగో ముందు. తర్వాత కూర. ఇంకా చోటుంటే రెండు ముద్దల అన్నం. చారు పోసుకుని జారవిడిచే అన్నం మరీ మోసం చేస్తుంది. నీళ్లతో కలిసి కిందికి జారిపోయి, తృప్తినివ్వకుండా మళ్లీ ఆకలి పుట్టిస్తుంది. తినే అరగంట ముందు, తర్వాత నీళ్లు తాగకూడదన్న నియమం కూడా అందుకే. శాకాహారులకు ఇది ఇంకా కష్టం. కార్తీక సోమవారాల ఉపవాసాలు, రంజాన్ రోజాలు మొదటి ఏడాది వద్దనే చెప్పాలి. పెళ్లి పందిట్లో లడ్డూ, కాజా పెట్టి మొహమాటపెడితే బైపాస్ అయిన మనిషికి అరగంటలో చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కళ్లు తిరగొచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. మన ఇళ్లలో ప్రేమంతా కొసరి వడ్డించడంలోనే ఉంటుంది. ఇంకొక్క ముద్ద అనే ఆ అత్తగారికీ, వదినగారికీ ఈ కడుపు కొలత ముందే చెప్పి ఉంచడం ఆపరేషన్ తయారీలో భాగమే.

ఇప్పుడు చెప్పబోయేదాన్ని నేను అన్నిటికన్నా పైన పెడతాను. థయమిన్ అనే బీ1 విటమిన్ ఒంట్లో నిల్వ ఉండేది రెండు, మూడు వారాలకు మాత్రమే. ఆపరేషన్ తర్వాత కొందరికి వాంతులు ఆగవు. గబగబా తినడంవల్లనో, అతుకు బిగుసుకుపోవడంవల్లనో రోజుల తరబడి ఏమీ నిలవదు. అప్పుడు ఊళ్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. నీరసంగా ఉందని దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి సెలైన్ పెట్టించుకుంటారు. ఆ సీసాలో ఉండేది చాలాసార్లు గ్లూకోజ్. గ్లూకోజ్‌ను శరీరం వాడుకోవాలంటే థయమిన్ ఖర్చవుతుంది. అడుగంటిన ఆ కొద్ది నిల్వా కొన్ని గంటల్లో కరిగిపోతుంది. మనిషి తికమకపడతాడు, కళ్లు నిలకడగా ఉండవు, అడుగులు తడబడతాయి. వెర్నికీ ఎన్‌కెఫలోపతీ అనే ఈ మెదడు దెబ్బను గంటల్లో పసిగట్టి థయమిన్ ఇంజెక్షన్లు ఇస్తే కోలుకుంటారు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోతుంది, ప్రాణమూ పోవచ్చు. ఇలాంటివి చాలావరకు ఆపరేషన్ తర్వాతి మొదటి ఆరు నెలల్లోనే వస్తాయి. చేయాల్సింది చిన్న పని. వాంతులవుతున్న బేరియాట్రిక్ రోగికి గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వాలి. తెలిసినవాళ్లకు ఒక్క నిమిషం పని. తెలియనివాళ్ల చేతిలో ఒక జీవితం.

ఈ విటమిన్‌తో తెలుగు నేలకు పాత పగ ఉంది. వందేళ్ల కిందట ఉత్తర సర్కారు జిల్లాలను బెరిబెరి పట్టి పీడించింది. మరపట్టిన తెల్లటి పచ్చిబియ్యం అన్నం, దాన్ని కడిగి, గంజి వార్చడంలో పోయే విటమిన్ దానికి మూలం. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో ఆ జబ్బు అంతగా లేదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు తవుడు పొరలోని విటమిన్ గింజలోకి ఇంకుతుంది కాబట్టి. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు కూనూరులో ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన పరిశోధన కేంద్రం పేరే బెరిబెరి విచారణ. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఇవాళ మనం చూసే ఆ సంస్థ పుట్టుకే థయమిన్ లోటు పరిశోధన కోసం. అదే లోటు అదే తెల్లన్నం తినే ఇళ్లలోకి ఇప్పుడు ఆపరేషన్ దారిన మళ్లీ వస్తోంది. దీని గురించి మన ప్రాంతంలో ప్రతి పల్లె వైద్యుడికీ చెప్పడం మన సర్జన్లకు పరాయి పని అనిపించకూడదు.

మిగతా విటమిన్ల లోటు నెమ్మదిగా వస్తుంది కాబట్టి ఇంకా ప్రమాదం. బీ12 నిల్వలు కాలేయంలో ఏళ్లపాటు ఉంటాయి. అవి తరిగాక ఒక రోజు అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, అప్పటికి ఆపరేషన్ సంగతి డాక్టరుకు చెప్పాలని కూడా తోచదు. కాల్షియం సిట్రేట్ మాత్రలు, ఇనుము, డీ విటమిన్, మల్టీవిటమిన్ జీవితాంతం వేసుకోవాల్సినవి. ఇనుము మాత్రకూ కాల్షియం మాత్రకూ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి, ఇనుమును టీతో మింగితే దండగ. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు పడతాయని ఆరు నెలలు ఒక మందు ఇస్తారు. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు కుచ్చులుగా ఊడి చాలామందిని ఏడిపిస్తుంది. ప్రొటీన్, ఇనుము సరిగ్గా అందితే చాలావరకు తిరిగొస్తుంది. బైపాస్ అయినవాళ్లు మోకాలి నొప్పికి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ తెచ్చుకుని మింగితే అతుకు దగ్గర పుండుపడి రక్తం కారొచ్చు. పాత షుగరు, బీపీ మాత్రల మోతాదు తగ్గించకుండా అలాగే వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోతారు.

మనసు సంగతి మన దగ్గర మరీ తక్కువ మాట్లాడతారు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో మద్యం వ్యసనం ఆపరేషన్‌కు ముందు 7.6 శాతం ఉంటే, రెండో ఏడాదికి 9.6 శాతమైంది. చిన్నకడుపులోంచి మద్యం నేరుగా రక్తంలోకి ఎక్కుతుంది, ఒక పెగ్గు రెండు పెగ్గుల పని చేస్తుంది. కెనడాలోని ఒంటారియోలో 8,815 మందిని గమనిస్తే తమకు తాము హాని చేసుకుని అత్యవసర విభాగానికి వచ్చినవాళ్లు ఆపరేషన్ తర్వాత దాదాపు ఒకటిన్నర రెట్లయ్యారు. ఆ సంఖ్య చిన్నదే, వెయ్యిమందికి ఏడాదికి నలుగురికి లోపు. కానీ ఏడాది దాటాక ఇంట్లోవాళ్లు బాగున్నావు, సన్నబడ్డావు అని మెచ్చుకుని మర్చిపోయే సమయంలోనే ఆ మనిషికి తోడు కావాలని ఆ అంకె చెబుతోంది. మన దగ్గర ఇంకో ఒత్తిడి కూడా ఉంది. సంబంధాలు కుదరడం లేదని అమ్మాయికి పెళ్లికి ముందు ఆపరేషన్ చేయిస్తారు. బరువు తగ్గేకొద్దీ పీసీఓఎస్ సర్దుకుని గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. కానీ ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకూడదు. పోషకాలు ఇద్దరికీ చాలవు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగ్గా ఒంటపట్టకపోవచ్చు కూడా. పెళ్లైన మూడో నెలకే విశేషమేమైనా ఉందా అని అడిగే ఇంట్లో ఆ 18 నెలలు ఎలా గడవాలి? ఆపరేషన్ సంగతి దాచిపెట్టి పెళ్లి చేస్తే విటమిన్ మాత్రలను కూడా ఆ అమ్మాయి దాచుకునే మింగాలి. పెళ్లి కోసమే అయితే ఈ ఆపరేషన్ వద్దు. ఆరోగ్యం కోసమైతే అబ్బాయి తరఫువాళ్లకు చెప్పే చేయించండి.

ఇప్పుడు ఇంజెక్షన్లొచ్చాయి కదా, కోత ఎందుకన్నది తాజా ప్రశ్న. 2025లో మన దేశంలోకి టిర్జెపటైడ్, బరువు కోసం సెమాగ్లూటైడ్ వచ్చాయి. మొదటిది పెద్ద మోతాదులో 72 వారాలకు సగటున 20.9 శాతం, రెండోది 68 వారాలకు 14.9 శాతం బరువు తగ్గించినట్టు ప్రయోగాల్లో తేలింది. ఇవి చిన్న ఫలితాలు కావు. మధ్యస్థ ఊబకాయం ఉన్న చాలామందికి ఆపరేషన్ అవసరం ఇవి తీర్చేయొచ్చు, అది మంచిదే. కానీ సెమాగ్లూటైడ్ ఆపేసిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండు వంతుల బరువు తిరిగొచ్చింది. ఇక్కడా అదే కథ. సూదైనా కత్తైనా ఊబకాయం ఏళ్ల తరబడి వెంట ఉండే జబ్బు, వైద్యమూ ఏళ్ల తరబడే ఉండాలి. సూది వేసుకునేవాళ్లకూ ప్రొటీన్ లెక్క, కండ కాపాడుకునే వ్యాయామం, రక్తపరీక్షలు తప్పవు. ఆపరేషన్ తర్వాత బరువు పెరగడం మొదలైతే ఈ మందులు తోడ్పడతాయి కూడా. రెండింటికీ పోటీ పెట్టాల్సిన పని లేదు.

ఇన్నేళ్లపాటు వైద్యం కొనసాగించడం పేదవాడికి సాధ్యమా అన్నది చివరి అభ్యంతరం, బలమైనదీ అదే. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో నగరానికొచ్చి చేయించుకున్న మనిషి, సెలవుల్లో అమెరికా నుంచి వచ్చి వారంలో తిరిగెళ్లే మనిషి, ఇద్దరూ మూడో నెల చెకప్‌కు రారు. తప్పు వాళ్లది అనలేం. ఈ బాధ్యత ఆస్పత్రి ప్యాకేజీలోకే ఎక్కాలి. మొదటి ఏడాది రక్తపరీక్షలు, డైటీషియన్‌తో మాటలు, ఒక ఫోను నంబరు ధరలోనే కలిసి ఉండాలి. చెకప్‌లో సగం ఫోనులో జరిగిపోతుంది. రక్తపరీక్ష జిల్లా కేంద్రంలో చేయించి రిపోర్టు పంపితే చాలు. ఆపరేషన్‌కు సంతకం పెట్టేముందు రోగి అడగాల్సిన ప్రశ్న ఎన్ని కిలోలు తగ్గుతాను అని కాదు. అయిదేళ్ల కిందట ఇక్కడ చేయించుకున్నవాళ్లలో ఎంతమంది ఇప్పటికీ మీ దగ్గరికి వస్తున్నారు అన్నది. ఆ లెక్క చెప్పలేని చోట ఆలోచించుకోవాలి.

ఇంకొకటి ఆస్పత్రులు రేపటి నుంచే చేయగలిగిన పని. డిశ్చార్జి కాగితంలో స్టేప్లర్ల సంఖ్య, గొట్టం సైజు ఇంగ్లిష్‌లో రాసి ఉంటాయి. ఆ కాగితం బీరువాలో లామినేషన్ చేసి పడి ఉంటుంది. దానితోపాటు జేబులో పట్టేంత అట్టముక్క ఒకటి ఇవ్వాలి. తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఊళ్లో మందుల షాపు కుర్రాడు కూడా చదివేలా. నాకు ఫలానా తేదీన స్లీవ్, లేదా బైపాస్ అయింది. వాంతులవుతుంటే గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వండి. డైక్లోఫెనాక్ వద్దు. గుండె వేగంగా కొట్టుకుంటూ కడుపు నొప్పి ఉంటే ఈ నంబరుకు ఫోను చేయండి.